పొందూరు చీర, ప్లాంటు కోటు

నా భార్య చీరను నా కోడలు నిలువునా చింపింది. నేను ఇంట్లో ఉండగానే, పక్క గదిలో కూర్చుని చింపింది. బట్ట చిరిగే చప్పుడు నాకు వినబడింది. ఏదో మసిగుడ్డ అనుకున్నాను. లేచి వెళ్లి చూసేసరికి పొందూరు చీర రెండు పొడుగాటి ముక్కలై మంచం మీద ఉంది. ఒక్కో ముక్కకు ఒక పక్కన మాత్రమే ఎర్ర అంచు.

ఆ రోజు నుంచి హరితతో మాట్లాడటం మానేశాను.

కనకరత్నం ఫిబ్రవరిలో పోయింది. పెద్దకర్మ నాడు ఆమె చెల్లెలు గుర్తుగా ఒక చీర అడిగింది. ఇవ్వలేదు. చీరలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. నన్ను గురించి బంధువులు ఏమనుకున్నారో నాకు తెలుసు. మనిషి మంచాన ఉన్నప్పుడు ఆ చెల్లెలు ఎన్నిసార్లు వచ్చి చూసిందో కూడా నాకు తెలుసు.

ఈ ఒక్క చీర పెట్టెలోకి చేరలేదు. ఎలా తప్పిందో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. మాట్లాడటం మానేసినవాణ్ణి ఏమని అడుగుతాను.

మే నెలలో మనవరాలు పుట్టింది. ఎడమ పాదం లోపలికి మెలితిరిగి పుట్టింది. అరికాలు నేల వైపు కాకుండా రెండో కాలి వైపు చూస్తూ ఉండేది. డాక్టరమ్మ భయపడక్కర్లేదంది. ప్రతి గురువారం ఆ పాదాన్ని కొద్దిగా సరైన వైపు తిప్పి, తొడ దాకా ప్లాస్టరు కట్టు వేస్తారు. పై గురువారం అది విప్పి, ఇంకాస్త తిప్పి, కొత్తది వేస్తారు. పాదం లేతగా ఉన్నప్పుడే ఆ పని జరగాలి. ఆలస్యమయ్యేకొద్దీ మొండికేస్తుంది. చివర్లో మడమ వెనక చిన్న గాటు పెట్టి ఆఖరి కట్టు వేస్తారు. ఆ తర్వాత పిల్ల అందరిలాగే నడుస్తుంది.

కొత్త కట్టు పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆలోగా తడిస్తే మెత్తబడుతుంది. మెత్తబడితే లోపల పాదం మళ్లీ పాత వంకరకే పోతుంది. అందుకని ఆసుపత్రికి వెళ్లడం కష్టం కాదు. తిరిగి రావడం కష్టం.

మా ఇల్లు స్మృతి నగర్‌లో. ఆసుపత్రి రైలు పట్టాలకు అవతల, స్టీలు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల వైపు. మధ్యలో అండర్‌బ్రిడ్జి. గట్టి వాన కురిస్తే అందులో నీళ్లు నిలుస్తాయి. మా అబ్బాయి ఉమేష్ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో సూపర్‌వైజరు. గురువారం సెలవు అడిగితే శుక్రవారం కూడా రావద్దంటారని చెబుతాడు. నిజమే అయి ఉంటుంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడూ వాడు ఇదే చెప్పాడు. అప్పుడు కూడా నిజమే అయి ఉంటుంది.

అందుకని పిల్లను హరితే తీసుకెళ్లేది. మొదట్లో ఆన్‌లైన్‌లో తెప్పించిన గుడ్డ ఒకటి ఉండేది. బనీను గుడ్డలాగ సాగుతుంది. దాన్ని ఛాతీకి చుట్టుకుని పిల్లను అందులో దింపుకునేది. ఎండల్లో బాగానే ఉంది. జూన్ చివర్లో దారిలో వాన పట్టుకుంది. గుడ్డ తడిసి, బరువెక్కి, సాగింది. పిల్ల ఛాతీ మీది నుంచి పొట్ట మీదికి జారిపోయింది. కట్టు వేసిన కాలు బయటికి వచ్చి వానలో వేలాడింది. ఆ వారం కట్టు పాడైంది.

డాక్టరమ్మ హరితను అందరి ముందూ మందలించింది. సాగే గుడ్డ వానకు పనికిరాదని, బిగువుగా నేసిన నూలు గుడ్డ చూసుకోమని చెప్పింది. గొడుగు వాడమంది. పిల్ల ముఖం ఎప్పుడూ మోసేవాళ్లకు కనబడాలని, దాని మీద ఏదీ కప్పకూడదని చెప్పింది. హరిత ఇంటికొచ్చి ఇవన్నీ అన్నం తినే దగ్గర ఉమేష్‌కు చెప్పింది. నేను పక్కనే తింటున్నాను. విన్నాను.

మర్నాడే చీర చింపింది. ఒక ముక్క తడిస్తే ఇంకో ముక్క ఉండాలని రెండు చేసిందట. ఉమేష్ నాకు సర్దిచెప్పబోయాడు. పాత చీరే కదా నాన్నా, వాడేది మీ మనవరాలికే కదా అన్నాడు. వాడి తల్లి చీర వాడికి పాత చీర. వాడితోనూ కొన్నాళ్లు మాట్లాడలేదు.

అయినా ప్రతి గురువారం ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి. పిల్ల మీద నాకు కోపం లేదు. గొడుగు పట్టుకుని పక్కన నడిచేవాణ్ణి. ఏ వైపు తిరగాలో ఆమె ఎవరితోనో అన్నట్టు గాలిలోకి చెప్పేది. నేను అటు తిరిగేవాణ్ణి. చీర ఎలా పనిచేస్తోందో చూస్తూనే ఉన్నాను. జల్లుకు తడిస్తే బిగుస్తోంది తప్ప సాగడం లేదు. పిల్ల ఎక్కడ కట్టిందో అక్కడే ఉంటోంది. ఆ మాట నేను పైకి అనలేదు.

జులైలో ఒక గురువారం డాక్టరమ్మ పాదాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. బాగా వచ్చిందంది. ఇవాళ వేసిన కట్టు నిలబడితే పై వారమే గాటు, ఆఖరి కట్టు. ఇది కూడా తడిస్తే మళ్లీ వెనక్కి పోతాం, పాదం రోజురోజుకీ గట్టిపడుతోంది, ఎన్నిసార్లు వెనక్కి పోగలమో నేను చెప్పలేను అంది. ఆ మాటలు హరితను చూస్తూ అంది. హరిత తల ఊపింది.

బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. ఆటో దొరికింది. సగం దారికి వచ్చేసరికి రోడ్డు కనబడనంత వాన. అండర్‌బ్రిడ్జి ముందు ఆటోవాడు ఆపేశాడు. లోపల మోటార్‌సైకిలొకటి హ్యాండిల్ దాకా మునిగి ఉంది. ఓవర్‌బ్రిడ్జి మీద బళ్లు కదలడం లేదట. తాను వెనక్కి పోతానన్నాడు. తిట్టాను. తిట్టినా దిగాల్సి వచ్చింది.

దిగేటప్పుడు హరిత కాలు నీళ్ల కింద గుంటలో పడింది. మోకాలి మీద కూలబడింది. రెండు చేతులూ పిల్ల మీదే ఉన్నాయి. తనను తాను ఆపుకోవడానికి ఒక్క చెయ్యీ తీయలేదు. పిల్లకు ఏమీ కాలేదు. ఆమె చీలమండ మెలిపడింది.

పక్కన సునీల్ అనే అతని చాయ్ బండి ఉంది. పైన రేకు. దాని కింద నిలబడ్డాం. జల్లు అడ్డంగా కొడుతోంది. రేకు కింద కూడా తడుస్తున్నాం. నీళ్లు రోడ్డు మీదికి పాకుతున్నాయి. చూస్తుండగానే ఆమె చీలమండ వాచింది. నిలబడగలదు. పిల్లను మోస్తూ మెట్లెక్కలేదు. పట్టాల మీద పాదచారుల వంతెన ఒకటుంది. అది దాటితే అవతల ఆటోలుంటాయి. అక్కణ్ణుంచి ఇల్లు దగ్గర.

ఆమె కాసేపు వంతెన వైపు చూసింది. తర్వాత నడుం దగ్గర ముడి విప్పడం మొదలుపెట్టింది.

"మామయ్యా, చేతులెత్తండి."

"ఏటి?"

"మీకు కడతాను. పాపను మీరు దాటించెయ్యండి. నేను రేలింగ్ పట్టుకుని ధీరే ధీరే వస్తాను."

చీర చింపాక మా మధ్య ముఖాముఖి నడిచిన మొదటి మాటలు అవి. గుడ్డ అక్కర్లేదు, చేతుల్లో ఎత్తుకుపోతాను ఇలా ఇయ్యి అన్నాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో రేలింగ్, మరి పాపను దేంతో పట్టుకుంటారు అని అడిగింది.

"నడిరోడ్డు మీద మీ అత్త చీర నాకు చుడతావేటి?"

"అత్తయ్యే ఇచ్చారు. పాప పుట్టగానే ఇందులో చుట్టమన్నారు. కాన్పుకని తీసిన హాస్పిటల్ సంచిలో తన చేత్తోనే పెట్టారు."

"ఇప్పుడా చెప్పడం?"

"మీరు అడిగితే కదా. చేతులెత్తండి మామయ్యా, పాప తడుస్తోంది."

మా వైపు పుట్టిన బిడ్డను ముందుగా కొత్తబట్టలో చుట్టరు. ఇంట్లో పెద్దావిడ కట్టి, ఉతికి, మెత్తబడిన పాత చీరలో చుడతారు. కనకరత్నం అలా తీసి పెట్టి ఉండొచ్చు. పెట్టకపోయీ ఉండొచ్చు. అడగడానికి మనిషి లేదు. ఇన్నాళ్లూ నోరు మూసుకుని, అవసరం వచ్చాక చెప్పే మాటను నేను ఊరికే నమ్మను. కానీ ట్రంకు తాళాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నది నిజం. తాళంచెవి నా మొలకే ఉంది.

చేతులెత్తాను.

గుడ్డ మధ్యభాగం నా ఛాతీకి ఆనించి, రెండు కొసలూ వీపు మీద ఒకదాని మీదుగా ఒకటి దాటించి, భుజాల మీది నుంచి ముందుకు తెచ్చింది. లోపల పిల్లను దింపింది. కొసలు పిల్ల కింద అడ్డంగా వేసి, వెనక్కి తిప్పి, బిగించి, పక్కన ముడేసింది. పిల్ల తల నా గడ్డం కిందికి వచ్చింది. కట్టు వేసిన కాలు మోకాలి దగ్గర వంగి నా డొక్కను తాకింది. ప్లాస్టరు ఇంకా పచ్చిగా, చల్లగా ఉంది. పెట్టెలోని చీరలకుండే కర్పూరం వాసన ఇందులో లేదు, ఏ వాసనా లేదు. పిల్ల కక్కిన పాల వాసన మాత్రం ఉంది.

రిటైరయ్యాక అమ్మ ఉద్యోగంలో చేరావా బాబూజీ అని సునీల్ హిందీలో అన్నాడు. చాయ్ తాగుతున్న ఇద్దరు నవ్వారు. నీ పాలు పొంగుతున్నాయి, వాటి సంగతి చూసుకో అన్నాను.

కట్టించుకోవడానికి విప్పిన రెయిన్‌కోటు మళ్లీ వేసుకున్నాను. అది నేను పనిచేసిన ప్లాంటులో ఇచ్చింది. రిటైరయ్యే ముందు ఇచ్చిన ఆఖరి కోటు. లోపల రబ్బరు పూత. ముందు పెద్ద నల్ల గుండీలు. వానాకాలం షిఫ్టుకు పోయేటప్పుడు మేమంతా అన్నం క్యారేజీని కోటు లోపల పొట్టకు ఆనించి పెట్టుకుని, గుండీలన్నీ మెడ దాకా పెట్టేవాళ్లం. ఎంత వానైనా క్యారేజీ పొడిగా చేరేది. మూత తీస్తే అన్నం ఇంకా వేడిగా ఉండేది.

"గుండీలు మాత్రం పెట్టొద్దు మామయ్యా. గొడుగు చాలు. ముఖం బయట ఉండాలి. మెడ వంగుతోందేమో చూస్తూ ఉండండి."

"నాకు నేర్పకు."

మెట్లెక్కాను. సగం మెట్లు ఎక్కేసరికి గాలి తిరిగింది. గొడుగు పైకి తిరగబడింది. వాన నేరుగా పిల్ల కాలి మీద పడింది. తెల్లటి కట్టు మీద చుక్కలు పడుతుంటే నాకు డాక్టరమ్మ మాటలే గుర్తొచ్చాయి. ఇది నిలబడితే పై వారమే గాటు. గొడుగును చంకలో పెట్టి కోటు దగ్గరికి లాగాను. కింది నుంచి పై దాకా గుండీలన్నీ పెట్టాను. పిల్ల తల కూడా లోపలికి పోయింది.

తడి ఆగింది. పని తెలిసినవాడు చేస్తే ఇలా ఉంటుంది అనుకున్నాను. పిల్ల కాసేపు గింజుకుంది. తర్వాత ఊరుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కింద ఎవరో అరుస్తున్నారు. వానలో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. వెనక్కి చూడలేదు.

వంతెన మధ్యకు వచ్చాను. కింద గూడ్సు బండి వచ్చింది. సరిగ్గా మా కాళ్ల కింద కూత వేసింది. వంతెన ఇనుమంతా వణికింది. ఇంట్లో కుక్కరు కూసినా ఉలిక్కిపడే పిల్ల. కదల్లేదు.

నేను ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో క్రేన్ నడిపాను. పైన క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కింద నిలబడి సైగలు చేసే ఖలాసీ చెయ్యే కళ్లు. బరువు కనబడకపోతే, ఆ చెయ్యి కనబడకపోతే, క్రేన్ కదపకూడదు. ఆవిరి అడ్డొచ్చినా, ఫోర్‌మన్ తిట్టినా, ఆపాలి. నా ఉద్యోగంలో ఆ నియమం నేను తప్పలేదు. తప్పినవాళ్లను క్షమించలేదు. ఇప్పుడు బరువు నా ఛాతీ మీదే ఉంది, నాకు కనబడటం లేదు, నేను నడుస్తూనే ఉన్నాను.

ఆగాను. కోటు రెండు చేతులతో లాగాను. పై గుండీ తెగి ఎక్కడో పడింది. లోపలి నుంచి వేడి నా ముఖానికి కొట్టింది. పిల్ల ముఖం ఎర్రగా ఉంది. జుట్టు చెమటకు తలకు అంటుకుపోయింది. గడ్డం ఎదకు ఆని ఉంది. నోరూ ముక్కూ గుడ్డలో ఉన్నాయి. వేలితో గడ్డం పైకెత్తాను. కళ్లు తెరవలేదు. వీపు తట్టాను. పాపా అన్నాను. మళ్లీ తట్టాను. అప్పుడు ఎక్కడి నుంచో లాగినట్టు ఒక పొడుగాటి ఊపిరి తీసుకుంది. ఏడ్చింది.

ఆ ఏడుపు ఆపడానికి నేను ప్రయత్నించలేదు.

కట్టు మీద చెయ్యి పెట్టి చూశాను. వానకు కాదు, నా కోటు లోపలి చెమటకు చెమ్మగిల్లింది. ఒకచోట పైపొర వేలు పెడితే దిగుతోంది. ముఖానికి గాలి కావాలి. కాలికి గాలి కావాలి, వాన తగలకూడదు. కోటు విప్పేశాను. దాన్ని తిరగేసి, పిల్ల కాలి మీదుగా నా ముందువైపు ముసుగులాగ వదులుగా వేలాడదీశాను. కోటు చేతులతో వెనక ముడి వేస్తే రబ్బరు జారిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ జారింది. పైజమా వేసుకున్నాను, బెల్టు లేదు.

పక్కన చీర కొస వేలాడుతోంది. ఎర్ర అంచు నోట్లో పెట్టుకుని కొరికాను. పొందూరు నూలు ఒకసారి అందుకుంటే తిన్నగా చిరుగుతుంది. అదే చప్పుడు. నడుముకు చాలినంత చింపి, తెంపి, కోటును దాంతో కట్టాను. గొడుగును మోకాలికి నొక్కి సరిచేసి పిల్ల తల మీద పట్టాను. పిల్ల ముఖం చూస్తూ నడిచాను. దారి కాళ్లే వెతుక్కున్నాయి. నా వీపు మీద వాన పడుతోంది. పడనీ.

అవతల ఆటోల షెడ్డు కింద ఆగాను. కొంతసేపటికి హరిత కుంటుతూ వచ్చింది. మొత్తం తడిసిపోయింది. ముందు పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. తర్వాత నుదురు. తర్వాత కట్టు. అప్పుడు నన్ను చూసింది.

"గుండీలు పెట్టారు."

"పెట్టాను."

"కింది నుంచి చూశాను. ఎంత అరిచానో."

వినబడలేదని నేను అనలేదు. వినబడింది. నా నడుముకు ఉన్న ఎర్ర అంచును ఆమె చూసింది. ముడి విప్పి పిల్లను తీసుకుంది. ఆటో ఎక్కాం.

ఇంటికొచ్చి పిల్లను మంచం మీద పడుకోబెట్టి, కాలికి గాలి తగిలేలా ఫ్యాను కింద ఉంచింది. తన చీలమండకు సాయంత్రం దాకా ఏమీ కట్టుకోలేదు. ఉమేష్ వచ్చాక జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. ఉమేష్ నా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి హరిత నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది. నీళ్లు పెట్టేది. పిల్లను నా గదిలోకి తెచ్చేది కాదు. నాకు ఫిర్యాదు లేదు. ఆమె చోట నేనుంటే నాలాంటివాణ్ణి ఇంట్లో ఉండనిచ్చేవాణ్ణి కాదు.

కట్టు ఆరడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టింది. హరిత ఆసుపత్రికి ఫోన్ చేసింది. వేళ్ల రంగు బాగుంటే గురువారమే రమ్మన్నారు. ఒక మధ్యాహ్నం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు నేను పిల్ల దగ్గరికి వెళ్లాను. గోటితో కట్టు మీద కొట్టాను. టక్ మంది. నా వేలు దిగిన చోట చిన్న గుంట అలాగే గట్టిపడి ఉంది. పిల్ల నన్ను చూసింది. నవ్వలేదు, ఏడవలేదు. వచ్చేశాను.

గురువారం మళ్లీ వాన. ఉమేష్ ఈసారి నిజంగానే సెలవు అడిగాడు. నా ముందే ఫోన్లో అడిగాడు. ఇవ్వలేదు. హరిత కాలికి ఇంకా క్రేప్ బ్యాండేజీ ఉంది. నేల మీద నడుస్తోంది, మెట్లు ఒక్కొక్కటే దిగుతోంది.

పొద్దున్న నా గదిలోకి వచ్చింది. ఒక చేతిలో చీర రెండో ముక్క, ఒక చేతిలో కత్తెర. ఇంకా ఏం కత్తిరిస్తుందా అనుకున్నాను. మేకుకు వేలాడుతున్న నా కోటు తీసుకుంది. నేల మీద కూర్చుని ఒళ్లో పరుచుకుంది. గుండీలు ఒక్కొక్కటే కత్తిరించింది. దారాలు కూడా పీకేసింది. ఆ కోటుకు ఒక గుండీ వదులైతే నేనే సూది తెచ్చుకుని బిగించి కుట్టుకునేవాణ్ణి. చూస్తూ కూర్చున్నాను. గుండీలన్నీ అరచేతిలో పోసుకుని లేచి, కిటికీలోంచి వానలోకి విసిరేసింది.

తర్వాత చీర ముక్క విప్పి నా ముందు నిలబడింది. ఆమె చెప్పకముందే చేతులెత్తాను.

బిగించి కట్టింది. ముడి ఈసారి ముందుకు వేసింది. పిల్లను లోపల దింపి, గడ్డం కింద రెండు వేళ్లు పట్టే చోటు ఉందో లేదో చూసుకుంది. గుండీలు లేని కోటు నా భుజాల మీద వేసింది.

రోడ్డు మీద ఆమె నాకు ఒక అడుగు వెనక నడిచింది. ఆటో దొరికే దాకా మలుపు మలుపుకీ ఒక్క మాటే అడిగింది.

"ముఖం?"

"కనబడుతోంది."